కఫీల్ తుపాకీ, కొమురయ్య భుజం

2022 చలికాలం. సౌదీలో బురైదా అనే ఊరు. చుట్టూ ఖర్జూరం తోటలు, తోటలు దాటితే ఎడారి. ఆ ఊళ్ళో వేట సామాన్లూ తుపాకులూ అమ్మే ఒక దుకాణంలో నేను టెక్నీషియన్‌ని. పేరు ఖాదర్ బాషా, మాది రాయచోటి దగ్గర పల్లె. తుపాకుల షాపులో పని అనగానే మా ఊరివాళ్ళు నన్నేదో పెద్ద మొనగాడిలా చూస్తారు. చెప్తే నమ్మరు గానీ, ఇన్నేళ్ళలో నేను ఒక్క గుండు కూడా పేల్చలేదు. నేను వడ్రంగిని. రియాద్‌లో సులై వైపు ఒక ఫర్నిచర్ వర్క్‌షాపులో మంచాలకూ సోఫాలకూ పాలిష్ కొట్టుకుంటుంటే, చెక్కపని తెలిసినవాడు కావాలని ఈ షాపు యజమాని నన్ను ఇక్కడికి మార్పించుకున్నాడు. తుపాకీ గొట్టం వెనక భుజానికి ఆనించుకునే చెక్క ఉంటుందే, దాన్ని స్టాక్ అంటారు. అది చిట్లితే అతకడం, వెలిసిపోతే నూనె పట్టించడం, కొన్నవాడి చేతికి తగ్గట్టు కోసి ఇవ్వడం నా పని.

ఈ కొయ్యడం గురించి కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాత కథ అర్థం కాదు. ట్రిగ్గర్ నుంచి స్టాక్ చివరి దాకా ఉండే పొడవును లెంగ్త్ ఆఫ్ పుల్ అంటారు. దర్జీ చొక్కాకు కొలత తీసుకున్నట్టే మేమూ మనిషి చేతికి కొలత తీసుకుంటాం. స్టాక్ చివర మోచేతి మడతలో పెట్టించి, చూపుడువేలు ట్రిగ్గర్‌కు సుఖంగా అందుతోందా లేదా అని చూస్తాం. పొడుగు చేతులవాడికి కోసిన తుపాకీని పొట్టివాడు పట్టుకుంటే అది భుజం గుంటలో సరిగా కూర్చోదు. పేల్చగానే వెనక్కి వచ్చే తాకిడిని రీకాయిల్ అంటారు, అది ఎక్కడ తగలకూడదో అక్కడ తగులుతుంది. ఎముక విరిగినవాళ్ళు కూడా ఉన్నారు.

కౌంటర్ మీద అమ్మకం మాత్రం మా ముదీర్ ఫహద్‌దే. ముదీర్ అంటే మేనేజర్. ఈ దేశపు పౌరుడికే తుపాకీ అమ్మాలి, లైసెన్సు అతని పేరున ఉండాలి, అతనే స్వయంగా రావాలి. రిపేరుకు తెచ్చినా అంతే. వచ్చిన ప్రతి రైతుకూ ఫహద్ కాఫీ పోసి ఒకటే మాట చెప్పేవాడు. "మనిషి తన ఇంటినీ తన సొత్తునూ తాను కాపాడుకోకపోతే ఇంకెవడొచ్చి కాపాడతాడు?" వాళ్ళు తలలూపేవారు. నిజం చెప్పాలంటే వెనక బెంచీ దగ్గర కూర్చుని నేనూ ఊపేవాణ్ణి. ఎడారిలో తోడేళ్ళున్నాయి, గొర్రెల దొంగలున్నారు, అక్కడికి పోలీసులు వచ్చేసరికి తెల్లారిపోతుంది. ఆ హక్కును నేను తప్పు పట్టను. కాకపోతే తుపాకీ కొన్నవాళ్ళెవరూ ఎడారిలో కాపురం ఉండరు. వాళ్ళు ఊళ్ళో ఉంటారు, దొడ్డి దగ్గర ఉండేది వాళ్ళ పనివాళ్ళు. ఈ సంగతి నాకు అప్పటికి తట్టలేదు.

ఒక రోజు ఫహద్ సాయంత్రపు అసర్ నమాజుకు వెళ్ళాడు. షాపులో నేనొక్కణ్ణే ఉన్నాను. నీళ్ళ ట్యాంకరు ఒకటి వచ్చి బయట ఆగింది. అందులోంచి పొట్టిగా, బలంగా ఉన్న మనిషి ఒకడు దిగాడు. మాసిన తలగుడ్డ, పూలపూల దుప్పటిలో చుట్టిన పొడుగాటి మూట. మూటను పసిపిల్లను పడుకోబెట్టినట్టు కౌంటర్ మీద పెట్టి, "దీనమ్మ, ఎంత బరువున్నదిరా" అని తనలో తాను అనుకున్నాడు.

తెలుగు చెవిన పడగానే ప్రాణం లేచొచ్చింది. దుప్పటి విప్పగానే అదే ప్రాణం జారిపోయింది. లోపల డబుల్ బారెల్ షాట్‌గన్. స్టాక్ మెడ దగ్గర నిలువునా చిట్లింది. అలవాటు కొద్దీ గొట్టం మడిచి చూశాను. రెండు గొట్టాల్లోనూ తూటాలున్నాయి. ట్యాంకరులో డ్రైవరు పక్కనే కూర్చుని ఊరంతా దాటి వచ్చాడు ఈ మనిషి, రెండు తూటాలతో.

"ఏమప్పా, నీకు మతి ఉందా? దీన్నెత్తుకోని బజార్లో వచ్చినావా?" అని అరిచాను. నా నోరు మామూలుగానే దురుసు.

అతను బిత్తరపోయాడు. "నువ్వు మనోడివేనా అన్నా? నాకేమెరుక? చెక్క పలిగింది, అతికిపిచ్చుక రాపో అని కఫీల్ పంపిండు. నిన్న బోరు మోటరు పంపిండు, మొన్న గొర్రెల మందుకు పంపిండు. గిది గూడ గట్లనే అనుకున్న."

అక్కడి రివాజు తెలిసినవాళ్ళకు ఇందులో వింత ఏమీ కనపడదు. కఫీల్, అంటే మనల్ని పనికి పిలిపించుకున్న యజమాని, ప్రతిదానికీ పనివాణ్ణే పంపుతాడు. రొట్టెకు పంపుతాడు, గ్యాస్‌కు పంపుతాడు, పిల్లల బడి ఫీజు కట్టడానికి పంపుతాడు. పంపడం ఆయనకు అలవాటు, పోవడం మనకు అలవాటు. ఆ అలవాటు మీదే ఇతను జైలుకు దారి తీసే సామాను చంకన పెట్టుకుని వచ్చాడు.

తూటాలు తీసి సొరుగులో వేశాను. అతన్ని లోపల నా బెంచీ పక్కన కూర్చోబెట్టి టీ ఇచ్చాను. పేరు కొమురయ్య, కోరుట్ల దగ్గర ఊరు. ఖర్జూరం తోటలో పని అని వీసా ఇచ్చి, దిగాక గొర్రెల ఎజ్బాలో వేశారు. ఎజ్బా అంటే ఎడారిలో కంచె కట్టిన గొర్రెల దొడ్డి. పక్కన ఒక రేకుల గది, అందులో కొమురయ్య. "మేం కురుమోళ్ళమే అన్నా, గొర్లంటే నాకేం కష్టం గాదు. మాట్లాడేటందుకే మనిషి లేడు" అన్నాడు.

"స్టాక్ ఎట్ల పగిలింది?"

"తోడేలు అచ్చింది. కఫీల్ ఫోన్ల కొట్టు కొట్టు అన్నడు. కొట్టిన. తోడేలేమో ఉరికింది, నేనేమో ఎల్లకిల బండ మీద పడ్డ." చొక్కా పక్కకు తీసి చూపించాడు. కుడి భుజం కమిలి వంకాయ రంగుకు తిరిగి ఉంది. స్టాక్ అంచు అచ్చు కూడా తెలుస్తోంది.

నాకు పాపం అనిపించింది, కోపం కూడా వచ్చింది. "సూడు తమ్ముడా, బాగా చెవిలో ఏసుకో. తుపాకీ ఈ దేశపోళ్ళకే. లైసెన్సు ఆయన పేరున ఉంది. మనది ఇకామా, పని చేసుకోని బతకనీకి ఇచ్చిన కార్డు. దాంతో బండి తోలొచ్చు, సిమ్ము కొనొచ్చు, దీన్ని మాత్రం ముట్టకూడదు. ముట్టినావో, జైల్లో కూర్చుంటావు. మీ కఫీలు ఎంత మంచోడైనా ఆ రోజు నీ పక్కన నిలబడడు. తోడేలొస్తే డబ్బా కొట్టు. దొంగలొస్తే గొర్రెల్ని వదిలేసి ఉరుకు."

కొమురయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. "గొర్లను ఇడిసిపెట్టి ఉరుకుడా? కురుమోడు ఉరుకుతడా అన్నా?"

"కురుమోడు ఉరకడు, శవమై పోతాడు. ఉరకమంటున్నా."

నవ్వాడు. ముందు పళ్ళ మధ్య సందు ఉంది, నవ్వితే చిన్నపిల్లాడిలా ఉండేవాడు.

ఫహద్ నమాజు నుంచి వచ్చి సంగతి విని ఎర్రగా అయిపోయాడు. ఆ తుపాకీతో కొమురయ్య గడప దాటితే కొమురయ్యకు ముప్పు, లైసెన్సున్నవాడు లేకుండా షాపులో పెట్టుకుంటే షాపుకు ముప్పు. కఫీల్‌కు ఫోన్ చేశాడు. కాసేపటికి అబూ సాలెహ్ వచ్చాడు. నిటారుగా, మా గుమ్మానికి తల తగిలేంత ఎత్తున్న పెద్దాయన, తెల్లగడ్డం, చేతిలో ఖర్జూరాల పెట్టె. చెడ్డమనిషి కాడు, అది ముందే చెప్పేస్తున్నాను. "వాడు నా కొడుకులాంటివాడు. రొట్టెకు పంపినట్టే దీనికీ పంపాను, ఇంత గొడవేముంది?" అన్నాడు. ఫహద్ నసిగాడు. పాత ఖాతాదారు, పైగా పెద్దమనిషి. కాఫీ వచ్చింది, గొడవ చల్లారింది.

పరదేశి వడ్రంగిని, ఆయనకు నేను చట్టం చెప్పగలనా? నాకు తెలిసిన భాషలోనే చెప్పాను. "పెద్దాయనా, ఇది మీ చేతికి కోసిన తుపాకీ. ఇతను పొట్టి. స్టాక్ ఇతనికి చాలా పొడుగు. ఇంకోసారి పేలిస్తే భుజం ఎముక విరుగుతుంది. ఇతని చేతికి ఇవ్వకండి." అబూ సాలెహ్ శ్రద్ధగా విన్నాడు. కొమురయ్య భుజం చూసి అయ్యో అయ్యో అన్నాడు. దారిలో మందు కొనిపెడతానన్నాడు, కొనిపెట్టాడు కూడా. నేను స్టాక్ అతికి, నూనె పట్టించి పంపాను.

ఆ తర్వాత ట్యాంకరు పాకిస్తానీ డ్రైవరు పుణ్యమా అని కొమురయ్య అప్పుడప్పుడు నా గదికి వచ్చేవాడు. నేను చింతపండు పులుసు చేస్తే కళ్ళు మూసుకుని తినేవాడు. గొర్రెలకు తెలుగు పేర్లు పెట్టుకున్నాడు, ఒక మొండి పొట్టేలుకు నా పేరే పెట్టానని చెప్పి పగలబడి నవ్వాడు. తుపాకీ ఎక్కడుందని అడిగితే, "నా మంచం కిందనే పెట్టిండు. దుప్పట్ల చుట్టి ఉన్నది. నేను ముడుతలేనన్నా, ఊడ్చేటప్పుడు గూడ చీపురుతోని పక్కకు జరుపుత" అనేవాడు. మరి గదిలో ఎందుకుంచుకున్నావంటే, "ఆయన గది, ఆయన తుపాకి, నేనేమంట?" అనేవాడు. అదీ నిజమే.

వేసవి వచ్చింది. బక్రీద్ దగ్గర పడితే ఆ ఇలాకాలో గొర్రెకున్న విలువ మనిషికుండదు. ఒక శుక్రవారం, జుమ్మా నమాజు వేళ, ఊరంతా మసీదుల్లో ఉన్నప్పుడు పికప్ బండ్లు వేసుకుని దొంగలు ఎజ్బాకు వచ్చారు. గొర్రెలు కొనడానికి వచ్చామన్నారు. కఫీల్ లేడు, రేపు రండి అన్నాడు కొమురయ్య. వాళ్ళు అతని ఫోను లాక్కుని గేటు మీద పడ్డారు.

నేను చెప్పిన మాటల్లో కొమురయ్య సగమే విన్నాడు. ముట్టొద్దన్నది విన్నాడు. ఉరకమన్నది వినలేదు. చేతికర్ర పట్టుకుని గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. ఇనుప రాడ్లతో కొట్టారు. పడిపోయినా గేటు చువ్వ వదలకపోతే బండి వెనక్కి తీసి కాలి మీదుగా పోనిచ్చారు. గొర్రెల్ని ఎక్కించుకున్నారు. పోతూ పోతూ గది వెతికి మంచం కింద ఉన్న దుప్పటి మూట కూడా పట్టుకుపోయారు. నమాజయ్యాక నీళ్ళు పొయ్యడానికి వచ్చిన ట్యాంకరు డ్రైవరు చూసి, తానే ఎత్తుకుని ఆస్పత్రిలో చేర్చాడు. నాకు ఫోన్ చేసి చెప్పిందీ అతనే.

నేను పోయేసరికి కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు. దుప్పటి కింద ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క చదునుగా ఉంది. నేను ఆ చదును వైపు చూడలేక అన్నం డబ్బా మూత విప్పుతూ, మళ్ళీ పెడుతూ నిలబడ్డాను.

నన్ను చూడగానే కొమురయ్య చెప్పిన మొదటి మాట ఇది. "నేను ముట్టలేదన్నా. నువ్వు చెప్పినట్టే."

నిష్ఠూరంగా అనలేదు. అప్పగించిన పని సరిగ్గా చేసి వచ్చి చెప్పినట్టు అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఆ క్షణం నాకు గట్టిగా అనిపించింది.

"మంచం కిందనే ఉండె. గదిల్కి ఉరికితే అందుతుండె. యాదికి గూడ అచ్చింది. ఖాదరన్న వద్దన్నడు గదా అని ఊకున్న." మెడ ఇటు తిప్పి అడిగాడు. "ముడితే ఏమవుతుండె అన్నా?"

"జైల్లో ఏసేవాళ్ళు" అన్నాను.

"జైల్ల రెండు కాళ్ళుంటయి గదన్నా" అన్నాడు.

తినిపించబోతే తినలేదు. పక్క మంచం ఈజిప్టు మనిషి చూస్తున్నాడని కూడా లేకుండా ఏడ్చాను. కొమురయ్య నా చెయ్యి పట్టుకుని ఊరుకోమన్నాడు, అది ఇంకా దుర్భరంగా ఉంది.

అంతటితో అయిపోలేదు. గొర్రెలు పోయిన సంగతి కంటే తుపాకీ పోయిన సంగతి పోలీసులకు పెద్దది. లైసెన్సున్న ఆయుధం పరదేశి పనివాడి గదిలోకి ఎలా వచ్చిందని అడిగారు. అబూ సాలెహ్ తన వాంగ్మూలంలో తుపాకీ తన సొంత గదిలో తాళం వేసి పెట్టాననీ, ఆ తాళం చెవి కొమురయ్యకు తెలిసిన చోటే ఉండేదనీ చెప్పాడు. ఎజ్బాలో ఉన్నదే ఒక్క గది, అందులో ఉన్నది కొమురయ్య మంచం. ముట్టకపోయినా కొమురయ్య ఆ తుపాకీకి జవాబుదారీ అయ్యాడు. ఆస్పత్రి మంచం మీద నుంచే దుబాసీ ద్వారా జవాబులు చెప్పాడు. నేను ఫహద్‌ను వెంటబెట్టుకుని వెళ్ళి, గది ఎలాంటిదో, తుపాకీ ఎక్కడ ఉండేదో కొమురయ్య నాతో చెప్పినదంతా చెప్పాను. అధికారి మర్యాదగా విని, "నువ్వు ఆ గది చూశావా?" అని అడిగాడు. చూడలేదన్నాను. రాసుకోవడం ఆపేశాడు.

చివరకు కొమురయ్యను జైలుకు పంపలేదు. కుంటివాణ్ణి పెట్టుకుని ఎవరేం చేస్తారు? ఫైనల్ ఎగ్జిట్ కొట్టి పంపేశారు, అంటే మళ్ళీ రాకుండా పంపడం. విమానం దగ్గరకు వీల్‌చైర్‌లో తీసుకెళ్తుంటే వెనక్కి తిరిగి, "పొట్టేలును గూడ ఎత్తుకపోయిండ్రన్నా, నీ పేరుది" అన్నాడు. ఊళ్ళో ఇప్పుడు ఏం చేస్తున్నాడో నాకు తెలుసు. ఏమీ చెయ్యడం లేదు. గొర్రెల వెంట నడవలేని కురుమ మనిషి ఏం చేస్తాడు? ఫోన్ చేస్తే ఎత్తుతాడు, మాట్లాడడు.

మళ్ళీ చలికాలం వచ్చింది. ఒక రోజు ఫహద్ కేకేస్తే కౌంటర్ దగ్గరకు వెళ్ళాను. అబూ సాలెహ్. అదే ఎత్తు, అదే చిరునవ్వు, చేతిలో ఖర్జూరాల పెట్టె. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. కొత్త షాట్‌గన్ ఎంచుకున్నాడు. నేను టేపు తీసి, చెయ్యి చాపమన్నాను.

ఆయన నవ్వి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నా చేతి కొలత వద్దు. పోయినసారి నువ్వే చెప్పావుగా, పనివాడికి స్టాక్ పొడుగైందని? నిజమే చెప్పావు. కొత్తవాడు ఇంకా పొట్టి. రెండు వేళ్ళ మేర కోసెయ్. పాపం, భుజం దెబ్బ తినకూడదు."

ఆనాడు నేనన్న మాటల్లో ఆయన బుర్రకెక్కింది ఇదన్నమాట. ఇతని చేతికి ఇవ్వకండి అన్నది వినపడలేదు, స్టాక్ పొడుగు అన్నది వినపడింది.

"కొమురయ్య..." అన్నాను.

"మంచివాడు. అల్లా వాడికి మేలు చెయ్యాలి" అన్నాడు మనస్ఫూర్తిగానే. తర్వాత గొంతు తగ్గించి, "తుపాకీ మంచం కిందే పెట్టుకుని ఎందుకు కాల్చలేదో ఇప్పటికీ నాకు అర్థం కాదు" అన్నాడు. తాళం వేసిన గది సంగతి ఆయనే మరచిపోయాడు.

నేను ఫహద్‌ను పక్కకు పిలిచి, ఇది పరదేశి కోసం కోయిస్తున్నాడని చెప్పాను. ఫహద్ లైసెన్సు కాగితం మళ్ళీ ఒకసారి తిప్పి చూశాడు. "కొనేవాడు మన ఎదురుగా ఉన్నాడు. లైసెన్సు అతనిదే. స్టాక్ ఇంత పొడుగుండాలని చట్టంలో లేదు ఖాదర్. నువ్వు కొయ్యకపోతే ఇంకో షాపువాడు కోస్తాడు" అన్నాడు. కోశాను. మంచి వాల్‌నట్ చెక్క, రంపం కింద మెత్తగా తెగింది. చివర రబ్బరు ప్యాడ్ కూడా బిగించాను, తాకిడి తగ్గించేది. ఆ ప్యాడ్ ఆయన అడగలేదు.

ఆ శుక్రవారం ట్యాంకరు డ్రైవరును బతిమాలుకుని ఎజ్బాకు వెళ్ళాను. ఆ గదిని నేను చూడడం అదే మొదటిసారి. ఒక్కటే గది, ఒక్కటే మంచం, కింద దుప్పటి మూట. కొత్తవాడు నిర్మల్ వైపు మనిషి, పొట్టిగా, సన్నగా ఉన్నాడు. తెలుగు వినగానే ఉబ్బిపోయి టీ పెట్టాడు. గేటు దగ్గర వంగిన చువ్వ ఇంకా అట్లాగే ఉంది. అతనికి పాత సంగతి సగం సగం తెలుసు.

"అన్నా, నువ్వు తుపాకుల షాపుల జేస్తవట గదా. నాకొకటి చెప్పు. దొంగలస్తే దీన్ని ముట్టాల్నా, ముట్టద్దా?"

ఇన్నేళ్ళ పనిలో కొమురయ్య సంగతి నాకేం నేర్పిందని ఎవరైనా అడిగితే చెప్పగలిగింది ఇంతే. ఎవరి చేతికి ఎంత స్టాక్ కోయాలో నాకు తెలుసు. ఈ ప్రశ్నకు జవాబు ఒకప్పుడు తెలుసు, కేకలేసి మరీ చెప్పాను. ఇప్పుడు తెలియదు. ముట్టమంటే వీడు జైలుకు పోతాడు, వద్దంటే ఏమవుతుందో ఆ వంగిన చువ్వే చెప్తోంది. ఉరకమందామంటే వీడూ గొర్రెల్ని వదిలేలా లేడు.

అతను నా నోటి వైపే చూస్తున్నాడు. నేను టీ తాగాను. ఇంకొంచెం పోశాడు, అదీ తాగాను. గ్లాసు కింద పెట్టి, గొర్రెలు బాగున్నాయి తమ్ముడా అన్నాను.